పడవెక్కిన నూకాలమ్మ

బర్మాలో, అహ్లోన్ రేవు దగ్గర, పాత బియ్యం మిల్లుల వెనక సందులో సింహాచలమ్మ అట్లు పోసి అమ్మేది. ఇటుకల పొయ్యి, నల్లటి పెనం, పిండి గిన్నె, వచ్చినవాళ్లు కూర్చోవడానికి రెండు పొట్టి బల్లలు. అట్టును బర్మావాళ్లు తోషే అంటారు. ఆమె కూడా తోషే అనే కేకేసేది. రేవుకు పోయే కూలీలు, మిల్లు కాపలావాళ్లు, బడిపిల్లలు పొద్దున్నే ఆ పెనం చుట్టూ మూగేవారు. బర్మావాళ్లు ఆమెను 'అడో' అని పిలిచేవారు, పిన్ని అన్నమాట. తెలుగువాళ్లకు మాత్రం ఆమె గుడి సింహాచలమ్మ.

ఆ గుడి పొయ్యికి ఎదురుగానే ఉండేది. రేకుల కప్పు, చెక్క గోడలు, లోపల నేలలో పాతిన నల్లరాయి. రాతికి ఇత్తడి కళ్లు. ఆవిడ నూకాలమ్మ. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి మిల్లు పనికి వచ్చిన తాతలు ఆ రాయిని ఓడలో తెచ్చి అక్కడ నిలబెట్టారని చెప్పుకునేవారు. మగవాళ్లు బస్తాలు మోసేవారు. ఆడవాళ్లు మిల్లు నేల ఊడ్చి, ఆ నూకలు చెరుక్కుని వండుకునేవారు. నూకలు తిని బతికేవాళ్లకు నూకాలమ్మ కాక ఇంకెవరు దిక్కవుతారు అని ముసలివాళ్లు నవ్వుతూ అనేవారు.

అరవైల్లో మిల్లులు, దుకాణాలు సర్కారు పరమయ్యాక చాలామంది ఓడలెక్కి వెళ్లిపోయారు. గుడి పక్కనున్న తెలుగు బడి మూతపడింది. పంతులుగారు వెళ్లిపోయారు. పూజారి కుటుంబమూ వెళ్లిపోయింది. సింహాచలమ్మ అక్క కూడా విశాఖపట్నం వెళుతూ చెల్లెల్ని రమ్మని ఏడ్చింది.

"అక్కడ నాకెవులున్నారప్పా? నాను పుట్టింది ఈ సందులో. నా పురుళ్లు ఈ సందులో. నాను రాను" అంది సింహాచలమ్మ.

గుడి తలుపు తీసి దీపం పెట్టేవాళ్లు లేకపోతే ఆమె భర్త అచ్చెన్న ఆ పని చేతిలోకి తీసుకున్నాడు. రేవులో బస్తాలు మోసిన మనిషి. మంత్రాలు రావు. పొద్దున నీళ్లు పోసి, పసుపు రాసి, కుంకం పెట్టి, "తల్లీ, సల్లగా సూడు" అనేవాడు. పూజంతా అంతే. సందులో ఎవరికీ అంతకన్నా అవసరం పడలేదు.

ఏటా ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకు ఘటాలు లేచేవి. కుండలకు పసుపు రాసి, పసుపు నీళ్లు పోసి, వేపరెమ్మలు పెట్టి, ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని గుడి నుంచి నది దాకా డప్పు వెంట పాడుకుంటూ వెళ్లేవారు. ఆ పాటలన్నీ సింహాచలమ్మకు వచ్చు. పిల్లలు బడిలో బర్మా భాష చదువుకునేవారు, ఇంట్లోనూ సగం అదే మాట్లాడేవారు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం తెలుగు వీధిలోకి వచ్చి గట్టిగా నడిచేది. దారిలో బర్మా ఆడవాళ్లు గుమ్మాల్లోంచి వచ్చి ఘటాలు మోసేవాళ్ల కాళ్లమీద నీళ్లు పోసేవారు. పక్కింటి డా మ్యాసేన్ తమలపాకులు అమ్ముకునే బర్మా మనిషి. డా అంటే పెద్ద ఆడవాళ్లను గౌరవంగా పిలిచే మాట. కొడుక్కి అమ్మవారు పోసినప్పుడు మొక్కుకుని, అప్పటి నుంచి ఏటా తానూ ఒక కుండ ఎత్తేది. పాట రాదు. చివరి పదం అందుకుని దీర్ఘం తీసేది.

ఎనభై ఎనిమిదిలో సైనిక పాలన మీద ఊరు లేచింది. ఆగస్టు నెల. విద్యార్థులు, రేవు కూలీలు, బౌద్ధ భిక్షువులు, గుమాస్తాలు అందరూ వీధుల్లోకి వచ్చారు. సైన్యం కాల్చింది. ఆ తరువాత కొన్నాళ్లు ఊళ్లో ప్రభుత్వమన్నది కనిపించలేదు. జైళ్ల తలుపులు తెరిచారన్నారు. దొంగలు వస్తున్నారన్నారు. కుండల్లో, కుళాయిల్లో విషం కలపడానికి మనుషుల్ని పంపుతున్నారన్నారు. ఏ మాట ఎవరన్నారో ఎవరికీ తెలియదు, అందరూ నమ్మేవారు. ప్రతి సందు మొదటా వెదుళ్లు, డ్రమ్ములు అడ్డం పెట్టి కుర్రాళ్లు కాపలా కాసేవారు. చేతుల్లో ఈటెలు, కత్తులు.

ఒక ఉదయం అచ్చెన్న పక్క సందులో ఒక పిల్లకు అమ్మవారు పోసిందంటే వెళ్లి చూసొస్తున్నాడు. పంచె చెంగున పసుపు, వేపాకు కలిపి నూరిన పొడి పొట్లం ఉంది. సందు మొదట అతన్ని ఆపారు. ఆ కుర్రాళ్లకు పెద్ద కో సాన్‌లిన్, అంటే సాన్‌లిన్ అన్న. బస్సులు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. తమ్ముణ్ని అంతకుముందు వారమే ఊరేగింపులో కాల్చి చంపారు. కళ్లు మూతపడక ఎర్రగా ఉన్నాయి.

"ఇదేంటి, ముసలి కలా?" అన్నాడు పొట్లం విప్పి. కలా అంటే పడమటి నుంచి వచ్చినవాడు. మామూలు రోజుల్లో అదొక పిలుపు, ఆ రోజు తిట్టు.

అచ్చెన్నకు భయంతో బర్మా మాటలు మరచిపోయినట్టయింది. "మందు... తల్లి మందు..." అని తెలుగులో గొణిగాడు. మందు అన్న మాట ఒకడికి అర్థమైంది. "మందంటున్నాడు! విషమే!" అని అరిచాడు. అచ్చెన్నను మోకాళ్లమీద కూర్చోబెట్టారు.

కబురు అట్ల పొయ్యి దగ్గరికి చేరింది. సింహాచలమ్మ పిండి అంటిన చేతులతోనే పరుగెత్తింది. గుంపును తోసుకుని వెళ్లి, మొగుడి పక్కన నిలబడి, బర్మా భాషలో అంది.

"అది పసుపు, వేపాకు. పిల్లకి ఒంటికి రాసే పొడి."

"అందరూ అలాగే అంటారు" అన్నాడు సాన్‌లిన్.

"నువ్వు రోజూ నా దగ్గర తోషే తింటావు. ఆ పిండిలో ఏం కలిపానో ఎప్పుడైనా అడిగావా?"

అతను కత్తి దించలేదు. ఆమె అతని చేతిలోంచి పొట్లం లాక్కుంది. అరుగుమీద ఎవరిదో నీళ్ల గ్లాసు ఉంటే పొడంతా అందులో పోసి, వేలితో కలిపి గటగటా తాగేసింది. వేప చేదుకు ముఖం వంకర పోయింది. గ్లాసు బోర్లించి చూపించి, అక్కడే నేలమీద కూర్చుంది.

"ఇక్కడే ఉంటాను. నేను చస్తే అప్పుడు ఆయన్ని చంపండి."

ఎండ ఎక్కింది. ఎవరూ కదల్లేదు. గుంపులోంచి డా మ్యాసేన్ వచ్చి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఇంకో ముసలమ్మ వచ్చి కూర్చుంది. తాగిన మనిషి చావలేదు. వాంతి కూడా చేసుకోలేదు. చివరికి కత్తి కింద పెట్టిందీ సాన్‌లినే. అచ్చెన్న భుజం పట్టి లేపి, పక్కకు తిరిగిపోయాడు.

అచ్చెన్న ప్రాణంతో ఇంటికి వచ్చాడు గానీ మునుపటి మనిషి రాలేదు. వీధిలో తెలుగు మాట్లాడటం మానేశాడు. భార్య పిలిస్తే చుట్టూ చూసి, బర్మా మాటల్లో గొణిగేవాడు. గుడికి వెళ్లేవాడు గానీ పసుపు ముట్టుకునేవాడు కాదు. మరుసటి వర్షాలకు జ్వరంతో మంచం పట్టి పోయాడు.

"ఆ దినమే సంపేసినారమ్మా ఆయన్ని. నాను తెచ్చుకున్నది ఒట్టి ఒంటినే" అని సింహాచలమ్మ ఒక్కసారే, డా మ్యాసేన్ దగ్గర కాక తెలుగువాళ్ల దగ్గర అంది. సాన్‌లిన్ ఆ తరువాత ఆమె పొయ్యి దగ్గరికి రావడం మానేశాడు. అటు వెళ్లాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేవాడు. ఆమె కూడా పిలవలేదు.

అప్పటికి సైన్యం మళ్లీ గద్దెనెక్కి నెలలు గడిచాయి. ఐదుగురు ఒకచోట చేరకూడదని ఆజ్ఞ. ఘటాలు ఆగిపోయాయి. గుడి పని ఇప్పుడు సింహాచలమ్మదే. ఆడమనిషి పూజేంటని ఒకరిద్దరు సణిగితే, "మీరు సెయ్యండి మరి, నాను పక్కన కూకుంటాను" అంది. ఎవరూ ముందుకు రాలేదు.

కొత్త అమావాస్య నాడు ఆమె ఒక ఉపాయం చేసింది. ముగ్గురేసి ఆడవాళ్లను రమ్మంది. తనతో కలిపి నలుగురు. ఆ ముగ్గురూ అమ్మకు మొక్కి, ఒక పాట నోట్లోనే పాడుకుని వెళ్లిపోతే మరో ముగ్గురు వచ్చేవారు. పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా అలా పండగ సాగింది. సందు చివర నిలబడ్డ సిపాయి చాలాసేపు తలలు లెక్కపెట్టి, చెట్టు నీడకు పోయాడు.

తరువాతి ఏడాది అసలు సందుకే ఎసరొచ్చింది. రేవు వెంబడి పాత ఇళ్లన్నీ తీసేస్తారని, అక్కడివాళ్లకు నదికి ఆవల లైంతాయాలో స్థలాలిస్తారని మైకులో చెప్పారు. తింజాన్ పండగ లోపల, అంటే బర్మా వాళ్ల నీళ్ల పండగ లోపల, ఖాళీ చెయ్యాలి. తెలుగువాళ్లు, బర్మావాళ్లు, ముస్లింలు అందరూ వెళ్లాల్సిందే. గుడి సంగతి అడిగితే, "కాగితాల్లో ఇక్కడ గుడే లేదు" అన్నారు.

ఈ కబురు విని జగదీశ్వరరావు వచ్చాడు. ఊరి నడుమ లత అనే పేటలో బట్టల కొట్టు ఆయనది. తెలుగువాళ్ల పెద్దల్లో ఒకడు. మంచివాడే. ఎనభై ఎనిమిదిలో కొట్టు దోపిడీ అయినా ఎవరిమీదా నోరు చేసుకోలేదు. అప్పటి నుంచి ఏ పనికైనా ముందు నాలుగు వైపులా చూసేవాడు.

"సింహాచలమ్మా, అమ్మవారిని లత గుడికి తీసుకుపోదాం. అక్కడ రాతి గోడలున్నాయి, పూజారి ఉన్నాడు, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక మూల ప్రతిష్ఠ చేయిస్తాను. భద్రంగా ఉంటుంది" అన్నాడు.

"మరి జనం ఎక్కడుంటారు బాబూ?"

"జనం లైంతాయా వెళ్లక తప్పదు కదా."

"అమ్మ లతలో, బిడ్డలు లైంతాయాలోనా? బద్రంగా ఉంటాది, నిజివే. బీరువాలో సీర కూడా బద్రంగానే ఉంటాది. కట్టుకునేవోలుండాల కదా."

"నాకూ బాధే తల్లీ. కానీ అక్కడ చిత్తడి నేల. గుడిసెలు. రేపు ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఉన్నదాన్ని కాపాడుకోవడం తప్పు కాదు."

"తప్పని నాననలేదు. మీరు రాయిని కాపాడతానంటన్నారు. నాను మొక్కుని కాపాడాలనుకుంటన్నాను."

పక్కనున్న ముసలివాళ్లకు ఇంకో భయం. పాతిన అమ్మను పెకలించకూడదు, వంశాలు పోతాయి అన్నారు. సింహాచలమ్మ కూడా దానికి భయపడింది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. గుడిలో కూర్చుని ఆ ఇత్తడి కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. చివరికి బయటకు వచ్చి అంది.

"ఓడెక్కి ఒచ్చిన తల్లికి పడవెక్కడం కొత్తేటి? ఎల్దాం."

వెళ్లే రోజును ఆమే ఎంచింది. గడువుకు ముందే వచ్చే కొత్త అమావాస్య. సందులో అందరికీ చెప్పింది, ఆ రోజే కదులుదామని. సామాన్లు మోసుకుని ఒక్కసారిగా కదిలే జనాన్ని ఐదుగురు కూడారని ఎవరూ పట్టుకోలేరని ఆమె ఆలోచన. కదలమన్నది వాళ్లే కదా.

ఆ ఉదయం సందంతా మంచాలు, చాపలు, పెట్టెలు, కోళ్ల గంపలు. మగవాళ్లు నేల తవ్వి రాయిని ఎత్తారు. కొత్త కోకలో చుట్టి, అట్ల పిండి రుబ్బే పొత్రం, పాత్రల మధ్య తోపుడు బండిమీద పడుకోబెట్టారు. ఆడవాళ్లు కుండలు ఎత్తుకున్నారు. ఇల్లు మారేటప్పుడు ఎవరైనా కుండ ఎత్తుకుంటారు. ఈ కుండలకు పసుపు రాసి ఉంది, మూతి దగ్గర వేపరెమ్మ ఉంది, అంతే తేడా. ముందు సింహాచలమ్మ, వెనక డా మ్యాసేన్, వాళ్ల వెనక తెలుగు ఆడవాళ్లు, మధ్యమధ్య బర్మా ఆడవాళ్లు తమ మామూలు నీళ్ల కుండలతో. రేవు దాకా దారి పొడుగునా జనం.

మలుపు దగ్గర ఒక సిపాయి చెయ్యి అడ్డం పెట్టాడు. కుర్రవాడు.

"కుండలో ఏముంది?"

"నీళ్లు నాయనా. కొత్త చోట కుళాయి ఉంటుందో లేదో."

అతను తొంగి చూశాడు. పచ్చగా ఉన్నాయి. ఆమె ముఖం చూశాడు, వెనక బారును చూశాడు. పొమ్మని చెయ్యి ఊపాడు.

మలుపు దాటాక ఆమె పాట ఎత్తుకుంది. మొదట సన్నగా. వెనకవాళ్లు అందుకున్నారు. మంచం మోస్తున్న మగవాళ్లు అడుగు కలిపారు. మూడేళ్లుగా నోట్లో నలిగిన పాట రేవు మీద గాలికి విచ్చుకుంది. జగదీశ్వరరావు రేవు దగ్గర నిలబడి ఉన్నాడు. పడవను ఆయనే మాట్లాడిపెట్టాడు. వీడ్కోలు చెప్పి వెనక్కి పోదామని వచ్చిన మనిషి, బారును చూసి చెప్పులు విప్పి, బండి దగ్గరికి వెళ్లి రాయికి ఒక చెయ్యి వేశాడు. పడవలోకి దించేదాకా తియ్యలేదు.

లైంతాయాలో అప్పటికి పొలాల మధ్య పాతిన గుంజలు తప్ప ఏమీ లేవు. వెదురు గుడిసెలు కట్టుకున్నారు. గుడికి స్థలం అడగడానికి సింహాచలమ్మ వార్డు ఆఫీసుకు వెళ్లింది. అక్కడి అధికారి కసురుకోలేదు, కూర్చోమన్నాడు.

"కలా గుడికి స్థలం ఇవ్వడానికి వీల్లేదు అడో. కానీ నాట్ గుడి అయితే మూలమీద కొంత చోటివ్వగలను. ఈవిడ కూడా నాట్ లాంటిదే కదా? బర్మావాళ్లు కూడా మొక్కుతారట. ఒక బర్మా పేరు పెట్టండి, నేను రాసేస్తాను."

నాట్‌లు అంటే బర్మావాళ్లు కొలిచే గ్రామదేవతలు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఆ మాట ఆమెకు అంత కష్టంగా తోచింది. ఒప్పుకోమని తెలుగువాళ్లే బతిమాలారు. పేరుదేముంది, కప్పు ముఖ్యం అన్నారు. పిల్లలందరికీ బర్మా పేర్లున్నాయి కదా అన్నారు. ఆమె కొడుకు కూడా అదే అన్నాడు.

"నాట్‌లు పెద్దోలే. నాను మొక్కుతాను. అక్కసెల్లెల్లే అనుకుందారి. అక్కసెల్లెల్లయితే ఒకల పేరు ఒకలు పెట్టీసుకుంటారేటి?" అంది కొడుకుతో. "మనకి బడి పోనాది. మన పేర్లు పోనాయి. మీ నాన్న నోట్లో మాట పోనాది. ఇంకా ఏటి ఇచ్చెయ్యమంటావు?"

ఆఫీసుకు వెళ్లి వద్దని చెప్పింది. రాయి ఆమె గుడిసెలోనే, వంట మూల పక్కన ఉండిపోయింది. ఆ వానాకాలం నీళ్లు మోకాలెత్తున లోపలికి వచ్చాయి. అమ్మను మంచంమీద పెట్టి ఆమె బల్లమీద కూర్చుంది. గుడి రాకుండా చేసింది నువ్వేనని కొందరు ముఖంమీదే అన్నారు. ఒకరిద్దరు ఆ గుమ్మం తొక్కడం మానేశారు. తాను చేసింది సరైనదేనా అని ఆమెకూ అనుమానం వచ్చిన రోజులున్నాయి. ఆ మాట దాచుకోలేదు. "నాకేటి తెలుసు? తెలిసినట్టు నడిసినాను, అంతే" అనేది.

కో సాన్‌లిన్‌కు కూడా లైంతాయాలోనే స్థలం వచ్చింది. చీట్లు తీస్తే ఆమె వెనక స్థలమే పడింది. రెండేళ్లు ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టే బతికారు. వానలు వెనకబట్టాక ఒకరోజు అతను తన కంచె వెదుళ్లు పీకడం మొదలుపెట్టాడు. ఆమె పెరట్లోకి వచ్చి చూసింది. అతను కంచెను తనవైపు లోపలికి జరిపి పాతుతున్నాడు. చిన్న గుడిసె లేచేటంత జాగా బయటికి వదిలేశాడు.

"ఏం చేస్తున్నావు?" అంది.

"నా కంచె నేనెక్కడ పాతుకుంటే ఎవరికేం?" అన్నాడు తలెత్తకుండా. కొంతసేపటికి మళ్లీ తనే అన్నాడు. "ఆ రోజు మీరు తాగకపోతే నేను ఆయన్ని నరికేవాణ్ని అడో. తమ్ముడు పోయాక నాకు ఎవరో ఒకరు కావలసివచ్చారు. అంతే."

క్షమించానని ఆమె ఆ రోజే కాదు, తరువాత కూడా అనలేదు. ఆ మాట అచ్చెన్న చెప్పాల్సింది, తనది కాదు అనుకునేది. కానీ వెళ్లి, పీకిన వెదుళ్లను ఒక్కొక్కటే అతనికి అందించింది. సాయంత్రానికి కంచె పూర్తయింది. మర్నాడు పొద్దున అతని పిల్లలకు అట్లు పంపింది.

ఆ జాగాలో తాటాకు కప్పు వేసి అమ్మను మళ్లీ నేలలో నిలబెట్టారు. కంచె జరిపినా లెక్కకు స్థలం బర్మావాడిదే, అతని జాగాలో రాయి ఉంది, ఎవరి కాగితాల్లోకీ ఎక్కక్కర్లేదు. అధికారి వచ్చి చూసి, "ఇదేంటి?" అంటే సాన్‌లిన్ "పక్కింటివాళ్ల అమ్మ" అన్నాడు. తాటాకు కింద చిన్న పలకమీద నూకాలమ్మ అని తెలుగులో రాసి ఉంది. ఆ అక్షరాలు జగదీశ్వరరావు లత నుంచి వచ్చి స్వయంగా రాశాడు. లైంతాయాలో వాటిని చదవగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

సింహాచలమ్మకు చదువు రాదు, అందుకని మనవరాలు జయను కూర్చోబెట్టుకుని పాటలు నోటితోనే నేర్పింది. జయకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. పాట మధ్యలో ఆగి, ఈ మాటకు అర్థమేంటని బర్మా భాషలో అడిగేది. ఒక్కోసారి సింహాచలమ్మకూ తెలిసేది కాదు. "మా యమ్మ అలాగే పాడీది. నువ్వు పాడు, అరదం తరవాత ఒత్తాది" అనేది.

ఆమె పోయేనాటికి వార్డు హద్దుల్లో ఘటాలు తిప్పుకోవడానికి అనుమతి దొరికింది, డప్పు లేకుండా. అనుమతి కోసం ఆఫీసు మెట్లెక్కింది ఈసారి జయ. డప్పు శబ్దం జనాన్ని పోగుచేస్తుందన్నారు. మరుసటి ఏడాదీ అదే అన్నారు. జయ ఏటా కొత్త అమావాస్యకు ముందు వెళ్లి డప్పుకు అనుమతి అడుగుతోంది. కాదంటే నమస్కారం పెట్టి వచ్చేస్తోంది, మళ్లీ ఏడాది వెళుతోంది.